ఫ్లాపీలో పొట్లపువ్వు

మా గల్లీలో కంప్యూటర్ మొట్టమొదట అడుగుపెట్టింది అక్కావాళ్ల ఇంట్లోనే. అక్క అంటే నా తోడబుట్టింది కాదు, పక్కింటామె. సూరత్‌లో నవాగామ్ వైపు మా రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. వాళ్లదీ సిరిసిల్ల వైపే, మాదీ అటే కాబట్టి చిన్నప్పటినుంచీ ఆమెను అక్కా అనీ, ఆమె భర్తను బావా అనీ పిలిచేదాన్ని. మా దగ్గర వరసలు కలపడానికి పెద్దమనుషులు అక్కర్లేదు, ఒకే నల్లా దగ్గర నీళ్లు పట్టుకుంటే చాలు.

బావ సాంచాల మీద నేసేవాడు. పవర్‌లూమ్‌ని మా వాళ్లు సాంచా అంటారు. నేతతో ఇల్లు గడిచినా ఆయన ప్రాణం మాత్రం డిజైన్ల మీద ఉండేది. ఏ పోగు లేస్తే ఏ రేకు పడుతుందో అన్నం తింటూ కూడా కంచంలో వేలితో గీసి చూపించేవాడు. ఒక డిజైన్ ఆఫీసు మూతపడుతుంటే అక్కడి పాత కంప్యూటర్ ఒకటి ఇంటికి తెచ్చుకున్నాడు. ఇద్దరు పట్టి ఎత్తాల్సినంత బరువు. తెచ్చినప్పుడు తెల్లగా ఉండేది, ఇప్పుడు పసుపు నీళ్లలో ముంచి ఆరేసినట్టు ఉంది. దాని మీద కిందామీదా పడి గళ్లలో పువ్వులు నింపడం తనకు తానే నేర్చుకున్నాడు. పదో తరగతి అయిపోయి ఇంట్లో కూర్చున్న నాకూ నేర్పాడు. మౌస్ ముట్టుకుంటే షాక్ కొడుతుందేమోనని నేను చున్నీ చుట్టి పట్టుకుంటే ఆయన నవ్వలేదు. ఆ పనే నాకు ఉద్యోగమైంది. ఈ రోజు కడోదరా రోడ్డులోని ఒక డిజైన్ ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని నేను సంపాదించుకుంటున్న అన్నం ఆయన నేర్పిన పనిదే.

ఆ బావ పోయినేడు పోయాడు. సాంచాల షెడ్డులో చాయ్ తాగుతూ గ్లాసు పక్కన పెట్టి, గోడకు ఒరిగి, అలాగే ఉండిపోయాడు. పిల్లలు లేరు. అక్క ఒక్కతే మిగిలింది.

ఆయన ఏడాది మాసికానికి ఇంకా రెండు మూడు నెలలుందనగా ఒక ఆదివారం అక్క మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఏదైనా కావాలంటే నేరుగా అడగదు, ముందు గుమ్మానికి ఉన్న మేకును చూస్తుంది, తర్వాత నా పొయ్యి వైపు చూస్తుంది. నాకు అంత ఓపిక ఎక్కడిది?

"ఏందక్కా, చెప్పరాదూ!" అన్నాను.

"గా డబ్బ నడుస్తదా చెల్లె?"

"ఏ డబ్బ?"

"మీ బావ డబ్బ. కంప్యూటర్."

అప్పుడు చెప్పింది. పెళ్లయి సూరత్ వచ్చిన కొత్తలో అక్క ఒక రంగు డబ్బాలో మట్టి పోసి పొట్ల గింజ పెట్టిందట. తీగ రేకుల కప్పు మీదికి పాకి పూసింది. పొట్లపువ్వు చూసినవాళ్లకు తెలుసు, తెల్లటి రేకులకు అంచుల పొడుగునా సన్నటి పోగులు వేలాడుతుంటాయి. బావ దాన్ని చేతిలోకి తీసుకుని, "ఇది మన సాలోళ్ల పువ్వేనే, చూడు, అంచుకు పోగులిడిశింది" అన్నాడట. సాలోళ్లంటే మేమే, నేతవాళ్లం. తర్వాత కంప్యూటర్ వచ్చాక ఆ పువ్వుతో ఒక చీర అంచు గీశాడు. ఎవరికీ అమ్మలేదు.

"గిది అంగట్లకు పోదు, నీ ఒక్కదానికే అన్నడు. నేపిస్త నేపిస్త అనుకుంటనే పొయిండు. ఒక్క చీరకోసం సాంచా ఆపి, పాత పడుగు తీసి, కొత్తది ఎక్కియ్యాలె గదా. ఎప్పటికప్పుడు వచ్చే యేడు అనేటోడు. ఏడాది మాసికం నాడు గా చీర కట్టుకుంట చెల్లె. ఒక్కటే. ఇంకెవ్వలకు వద్దు."

బయటివాళ్లకు ఇది చిన్న కోరికలాగే కనిపిస్తుంది. సూరత్‌లో డిజైన్ పని చేసేవాళ్లకే దీని బరువు తెలుస్తుంది. ఇక్కడ ఒక అంచు సోమవారం ఒక దుకాణంలో వేలాడితే శుక్రవారానికల్లా పక్క దుకాణంలో వేరే రంగులో ఉంటుంది. ఎవరి పువ్వు ఎవరిదో అడిగే నాథుడు ఉండడు, అడిగితే నవ్వుతారు. ఇన్నేళ్లుగా నేను గీసిన అంచుల్లో ఇది నాది అని వేలు పెట్టి చూపించగలిగేది ఒక్కటీ లేదు. అలాంటి ఊళ్లో ఒక మనిషి ఒక పువ్వును భార్య కోసం మార్కెట్ కంట పడకుండా దాచి ఉంచాడు. నాకు అక్క మీద అసూయ కలిగింది. అసూయ కలిగిందన్న మాట దాచి ప్రయోజనం లేదు.

"అదెంత పని అక్కా, నేను తీసిస్తా," అన్నాను. చేసేముందే గొప్ప చెప్పుకోవడం నాకు పుట్టుకతో వచ్చింది.

కంప్యూటర్ మంచం కింద, పాత దుప్పటి కప్పుకుని ఉంది. బల్ల మీదికి ఎక్కించి కరెంటు ఇచ్చాం. లోపల ఫ్యాను గురకపెట్టి, కాసేపు ఆలోచించి, తెర మీద అక్షరాలు వచ్చాయి. అక్క చప్పట్లు కొట్టింది. నేను కూడా ఇక అయిపోయిందనే అనుకున్నాను. డిజైన్లన్నీ ఒక మిఠాయి డబ్బాలో, ఫ్లాపీలలో ఉన్నాయి. ఇప్పటి పిల్లలకు ఫ్లాపీ అంటే తెలియదు. అరచేతిలో పట్టే చదరపు ప్లాస్టిక్ పలక, దాని లోపల పల్చటి గుండ్రటి రేకు. కంప్యూటర్ పొట్టలో ఉన్న డ్రైవ్ నోట్లో దాన్ని పెడితే లోపలి రేకు తిరుగుతుంది, ఒక చిన్న హెడ్డు దాని మీద జరుగుతూ చదువుతుంది.

పెట్టాను. కర్రుకర్రుమంది. చదవలేనంది. ఇంకొకటి పెట్టాను, అదే తంతు. అన్నింటికీ అదే తంతు.

"డ్రైవ్ ఖరాబైంది. కొత్తది ఏస్తా," అని దాన్ని స్క్రూలు విప్పి బయటికి లాగి, "గిది ఇక బేకార్, కబాడీకి ఏసెయ్యి" అని అక్క చేతిలో పెట్టాను. మర్నాడు పాత సామాన్ల సందులో తిరిగి తిరిగి, ఒక దుకాణంవాడితో తగువుపడి, దుమ్ములోంచి ఒక మంచి డ్రైవ్ ఏరి తెచ్చాను. తెచ్చినదాన్ని ముందు ఆఫీసులో పరీక్షించి చూశాను, శుభ్రంగా పనిచేసింది. బావ కంప్యూటర్‌లో బిగించి ఫ్లాపీ పెడితే చప్పుడు లేకుండా మెత్తగా తిరిగింది. తిరిగి, ఇందులో ఏమీ లేదంది. ఖాళీది, ఫార్మాట్ చేయమంటారా అని అడిగింది. మిఠాయి డబ్బాలో ఉన్నవన్నీ ఒకదాని తర్వాత ఒకటి పెట్టాను. అన్నీ ఖాళీవేనంది.

"ఫ్లాపీలే పొయినయక్కా. గింత కాలం ఎట్ల ఉంటయ్? తేమకు పోతయ్," అన్నాను.

చాలా సులువుగా అన్నాను. మా ఆఫీసులో ఒక ఫైలు పాడైతే ఎలా అంటామో అలాగే. అక్క "పోనీలే చెల్లె, నువ్వేం జేస్తవ్" అని వంటింట్లోకి వెళ్లి, కడిగి బోర్లించి ఉన్న గిన్నెలను మళ్లీ కడగడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు వింటూ నేను సామాను సర్దుకుని జారుకున్నాను. తెలియని విషయాన్ని తెలిసినట్టు చెప్పానేమోనన్న గుబులు అప్పుడే పట్టుకుంది.

ఆ గుబులుతోనే ఫోన్లో వెతుక్కుంటూ కూర్చుంటే ఒక వీడియో దొరికింది. పాత కంప్యూటర్లు బాగుచేసే ఎవరో ఒకాయన చూపిస్తున్నాడు. పాత డ్రైవ్‌లలో హెడ్డు ఏళ్ల తరబడి వాడగా వాడగా తన దారినుంచి వెంట్రుకవాసి పక్కకు జరుగుతుందట. జరిగినది జరిగినట్టే రాస్తుంది, జరిగినట్టే చదువుతుంది. దాని రాత దానికి మాత్రమే అర్థమవుతుంది. సరైన డ్రైవ్‌లో పెడితే ఆ ఫ్లాపీ ఖాళీగా కనిపిస్తుంది. అంటే ఫ్లాపీలు చావలేదు. వాటిని చదవగలిగే ఒకే ఒక్క డ్రైవ్‌ను నేను కబాడీకి, పాత ఇనుములోకి, వేయమని చెప్పి వచ్చాను.

చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను.

"అక్కా, మొన్న ఇచ్చిన గా డ్రైవ్ ఏదీ? పారేశినవా?"

"అదెందుకు పారేస్త? మీ బావ చెయ్యి పడ్డది గదా," అంది. బావ ఫోటో ముందు, అగరబత్తీల పొట్లం పక్కన, గుడ్డతో తుడిచి పెట్టింది. నేను బేకార్ అన్నదాన్ని ఆమె దేవుడి అరలో పెట్టుకుంది.  దాన్ని తీసుకోవడానికి చెయ్యి చాచి, ముందు చేతులు కడుక్కుని వచ్చాను.

పై రేకు విప్పితే సంగతి తెలిసింది. కిర్రుమన్నదానికల్లా నూనె వేయడం మా వాళ్లకు అలవాటు. సాంచాకు వేసిన చేత్తోనే తలుపుకు, కుట్టుమిషనుకు, సైకిలుకు, చివరికి పిల్లల ఆటబొమ్మకు కూడా. బావ కూడా డ్రైవ్ కిర్రుమన్నప్పుడు సాంచా నూనె రెండు చుక్కలు విదిలించి ఉంటాడు. మా గల్లీ గాలిలో ఎప్పుడూ పోగుల నూగు తేలుతుంటుంది, కూరలో పడుతుంది, కళ్లలో పడుతుంది. ఆ నూగంతా నూనెకు అంటుకుని, ఎండి, హెడ్డు జరిగే కమ్మీ చుట్టూ కంబళి ముక్కలా గడ్డకట్టింది. సూరత్ సాంచాలవాళ్ల ఇంట్లో తప్ప ఇంకెక్కడా ఒక డ్రైవ్ ఈ రకంగా చెడిపోయి ఉండదు. కోపం రాలేదు. ఆ మనిషి వంగి నూనె డబ్బా నొక్కుతున్నట్టు కళ్లకు కట్టింది.

అక్క దూది, స్పిరిట్ సీసా పట్టుకుని పక్కన కూర్చుంది. పుల్లకు దూది చుట్టి, తడిపి, ఆ మురికిని కొద్దికొద్దిగా కరిగించి తీశాను. హెడ్డును బిగించిన స్క్రూ మాత్రం ముట్టుకోలేదు. చెయ్యి ఊరుకోదు కదా, వంకరగా ఉన్నది చూస్తే సరిచేయాలనిపిస్తుంది. సరిచేస్తే పువ్వు పోతుంది. ఊపిరి బిగపట్టి, వంకరను వంకరగానే ఉంచి, కమ్మీకి కాస్త కుట్టుమిషను నూనె రాసి, మళ్లీ బిగించాను.

ఫ్లాపీలన్నింటి మీదా ఏ వ్యాపారివో గుర్తులు రాసి ఉన్నాయి. ఒక్కదాని మీద ఏమీ లేదు. అది పెట్టాను. కర్రుమంది, ఆగింది, మళ్లీ కర్రుమంది. అక్క కళ్లు మూసుకుంది. తెర మీద పేరు ఒకటి కనిపించింది, తెరిచాను. గళ్లు గళ్లుగా పైనుంచి కిందికి, నింపాదిగా పువ్వు దిగింది.

నేను ఈ పనిలో పండిపోయినదాన్ని, అయినా నోరు తెరుచుకుని చూశాను. అలాంటి పోగుల అంచు గళ్లలో పెట్టడం కష్టం. సన్నటి గీతలు గీయడం సులువే, కానీ నేతలో అవి కట్టు లేకుండా తేలిపోయి గాజులకు తగులుకుని చీర పాడవుతుంది. బావ ప్రతి పోగునూ కంటికి కనపడకుండా అక్కడక్కడా నేలపోగుకు, అంటే చీర అసలు నేతకు, కట్టేశాడు. దూరంనుంచి చూస్తే పువ్వు నిజంగానే పోగులు వదిలినట్టు ఉంది.

అక్క ముక్కు తెరకు తగిలేంత దగ్గరికి వచ్చింది. "తీగ ఏదీ?" అంది. నేను కిందికి జరిపాను. ఒక వంక తిరిగిన తీగ, దాని పక్కన చిన్న ఆకు. "గీ ఆకుకు బొర్ర పెట్టిండు చూడు. పురుగు తిన్నది. నేను పురుగు పట్టిందని ఏడిస్తే నవ్వెటోడు," అంది. నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆ పూట నాకు నా మీద ఎంతో గౌరవం కలిగింది. ఈ మొత్తం వ్యవహారంలో నేను సిగ్గుపడకుండా గుర్తుచేసుకోగలిగేది ఆ ఒక్క పూటే.

ఇక ఆ పువ్వును సాంచా దాకా చేర్చాలి. డిజైన్‌ను నేతలోకి దింపే ఇప్పటి జకార్డ్ మిషన్లు పెన్‌డ్రైవ్ అడుగుతాయి. బావ కంప్యూటర్‌కు పెన్‌డ్రైవ్ పెట్టే చోటే లేదు. కొత్త ఫ్లాపీలోకి ఎక్కిస్తే అది కూడా ఆ వంకర రాతలోనే ఉంటుంది, ఇంకెక్కడా చదవదు. ఉన్నది ఒకటే దారి. మా ఆఫీసు మూలలో, డిజైన్ అట్టలకు చిల్లులు గుద్దే పాత మిషను కోసం ఉంచిన ఒక నడివయసు కంప్యూటర్ ఉంది. దానికి ఫ్లాపీ డ్రైవ్ తగిలించే తీగ ఉంది, పెన్‌డ్రైవ్ పెట్టే చోటూ ఉంది. బావ డ్రైవ్‌ను తువాలులో చుట్టుకుని శనివారం ఆఫీసుకు తీసుకెళ్లాను.

మిగతావాళ్లు భోజనానికి లేచాక పని మొదలుపెట్టాను. డ్రైవ్ రెండుసార్లు మొరాయించి మూడోసారి చదివింది. పాత పద్ధతిలో ఉన్న ఆ డిజైన్‌ను ఇప్పటి మిషన్లకు పనికివచ్చేలా మార్చాను. మార్చి భద్రపరిచాను. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నాను. డ్రైవ్‌ను విప్పి మళ్లీ తువాలులో చుట్టాను.

మా ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. ఎవరు ఏది గీసినా అందరికీ కలిపి ఉన్న ఒకే ఫోల్డర్‌లో భద్రపరచాలి. దాంట్లో పడ్డదంతా ఆఫీసుది. యజమాని సేఠ్ కొడుకు సోమవారం పొద్దున దాన్ని తెరిచి, నచ్చినవి ఏరి మిల్లులకు పంపుతాడు. ఇన్నేళ్లుగా నా చెయ్యి ఆ ఒక్క చోటికే వెళ్తుంది, నేను చెప్పక్కర్లేకుండానే. ఆ శనివారం కూడా వెళ్లింది. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించింది ఆ ఫోల్డర్‌లోంచే. తీసుకున్నాను తప్ప అక్కడ చెరిపేయాలని గుర్తురాలేదు.

గుర్తొచ్చింది ఆదివారం సాయంత్రం, కూర తిరగమోత పెడుతుండగా.  రేపు పొద్దున్నే వెళ్లి చెరిపేస్తే సరిపోతుందని సర్దిచెప్పుకున్నాను. సోమవారం బస్సులు కిక్కిరిసిపోయి, షేర్ ఆటో దొరక్క, నేను వెళ్లేసరికి సేఠ్ కొడుకు నా కుర్చీ పక్కన నిలబడి ఉన్నాడు. తెర మీద పొట్లపువ్వు ఉంది.

"బెన్, యే ఆప్‌నే బనాయా?" అన్నాడు.

చెల్లెమ్మా, ఇది నువ్వు చేసిందా అని అడిగాడు. కాదు, ఇది మా బావది, ఇక్కడికి పొరపాటున వచ్చింది, తీసేస్తున్నా అనడానికి నాలుగు మాటలు చాలు. అతను చెడ్డవాడు కూడా కాదు, చెబితే వినేవాడే. కానీ అతని ముఖంలో నేనెప్పుడూ చూడని మెచ్చుకోలు ఉంది. "ఇత్నే సాల్ కహాఁ ఛుపా కే రఖా థా?" అని నవ్వాడు. ఇంతకాలం ఎక్కడ దాచావు అని. మిగతా కుర్చీలవాళ్లు కూడా తిరిగి చూస్తున్నారు. నా గీతలకు ఆ గదిలో ఎవరూ ఎప్పుడూ తల తిప్పి చూసింది లేదు. నేను తల ఊపాను. నోటితో అవునని కూడా అనలేదు, తల ఊపాను, అంతే. నా ఒంట్లో ఉన్న అల్పత్వమంతా ఆ ఊపులో ఉంది.

తర్వాత ఆపడానికి ప్రయత్నించలేదని కాదు. ఆ పోగుల అంచు తీసేసి మామూలు రేకు పెడదాం భాయ్ అని ఒకసారి అన్నాను. "వోహీ తో జాన్ హై," అన్నాడు. దాని ప్రాణమే అది అని అతనికీ తెలిసింది. నిజం చెబుదామని ఇంకోసారి అతని గది దాకా వెళ్లాను. ఒకసారి తల ఊపాక ఇప్పుడు కాదంటే ఏమనుకుంటాడోనని వెనక్కి వచ్చాను. పనిపోతుందన్న భయం కాదది. దొంగ అనిపించుకోవడం కన్నా దొంగగా ఉండటమే నాకు తేలికనిపించింది.

ఇక్కడ గల్లీలో అక్క చీర సాంచా ఎక్కింది. బావతో కలిసి నేసిన షెడ్డువాళ్లే మిషను ఒకటి ఖాళీ చేసి, ఒక్క చీరకు సరిపడా పడుగు ఎక్కించి నేశారు. మట్టి రంగు చీర, ఆకుపచ్చ అంచు మీద తెల్లటి పువ్వులు. రంగులు ఎంచడానికి అక్క నన్నే తోడు తీసుకెళ్లింది. ఏది బాగుంటుంది చెల్లె అని ఆమె అడుగుతుంటే నేను దారపు ఉండల్లో చేతులు పెట్టి తలవంచుకుని వెతికాను. చీర వచ్చిన రోజు ఆమె దాన్ని విప్పి, పువ్వుల మీద చెయ్యి వేసి, "సూరత్ మొత్తంల గిట్లాంటిది ఇంకొకటి లేదు, ఎరుకనా?" అంది. అప్పటికి మా ఆఫీసు గోడ మీద గులాబీ రంగు చీర, బంగారు పోగుతో అదే అంచు నమూనా వేలాడుతోంది. చెప్పాలని నోరు తెరిచాను. "మంచిగున్నదక్కా," అన్నాను.

వేల రకాల చీరలు పుట్టే ఊరు ఇది, ఆ వేలల్లో ఇది మునిగిపోతుంది, మా గల్లీ కంట ఎందుకు పడుతుంది అని నాకు నేను జోకొట్టుకున్నాను.

ఏడాది మాసికం నాడు వచ్చినవాళ్లు ఎక్కువమంది లేరు. షెడ్డువాళ్లు, గల్లీలో మావాళ్లు, కడోదరా నుంచి బావ చెల్లెలు. పొద్దున బ్రాహ్మణుడు తంతు ముగించి వెళ్లాక అక్క లోపలికి వెళ్లి ఆ చీర కట్టుకుని వచ్చింది. ఏడాదిగా వెలిసిపోయిన చీరల్లోనే తిరిగిన మనిషి ఆకుపచ్చ అంచుతో గుమ్మంలో నిలబడితే మాట్లాడుతున్నవాళ్లు అటే తిరిగారు. ఎవరైనా అడగాలని, చెప్పాలని ఆమె ముఖంలో తెలిసిపోతోంది. కొంగు కొంచెం ముందుకు లాగి పట్టుకుంది.

అప్పుడే ఆటో దిగి బావ చెల్లెలు లోపలికి వచ్చింది. ఆమె కట్టుకున్నది గులాబీ రంగు చీర, బంగారు అంచు.

 గోడ పట్టుకున్నాను.

"అయ్యో వదినె, నువ్వు గూడ గదే తీస్కున్నవా!" అంటూ ఆమె నవ్వుతూ వచ్చి అక్క అంచు పక్కన తన అంచు పెట్టి చూసుకుంది. పువ్వు పక్కన పువ్వు, పోగుకు పోగు. పురుగు తిన్న ఆకులో చిల్లు కూడా అలాగే ఉంది. "మొన్ననే అంగట్ల కొన్న. ఎక్కడ జూసినా గిదే నడుస్తున్నది. మస్తు గిరాకీ అంట. నీది ఏ దుకాణంల?"

అన్న గీసిన పువ్వును ఒంటి మీద వేసుకుని చెల్లెలికి తెలియదు. గదిలో ఆ పువ్వు ఎక్కడినుంచి వచ్చిందో తెలిసినవాళ్లం ఇద్దరమే. అక్క ఆ గులాబీ అంచు వైపు చాలాసేపు చూసింది. వేలితో ఆ ఆకును ఒకసారి తడిమింది. తర్వాత తలెత్తి నా వైపు చూసింది. ఆమె కళ్లు నన్ను అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. ఆ డ్రైవ్‌ను తువాలులో చుట్టుకుని నేను ఎక్కడికి తీసుకెళ్లానో ఆమెకు తెలుసు. ఆమె నా ముఖంలో ఏం చూసిందో నాకూ తెలుసు. షెడ్డువాళ్లు కూడా ఇప్పుడు ఆ రెండు అంచుల వైపు, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. వాళ్లలో ఒకాయన, "ఏందిది, మనం నేసింది గదా..." అని మొదలుపెట్టాడు.

అక్క అతని మాటకు అడ్డం వచ్చింది.

"నేను గూడ అంగట్లనే చూసిన," అంది. "మంచిగ అనిపిచ్చి, గసొంటిదే నేపిచ్చుకున్న. గీ పువ్వు గిప్పుడు అందరు కడుతున్నరు గదా."

ఎంత మామూలుగా అందంటే, షెడ్డాయన గొణుక్కుని ఊరుకున్నాడు. ఆడబిడ్డ సంతోషపడి ఎంత పడిందో, ఎక్కడ చవకో మాటల్లో పడిపోయింది. అక్క అన్నింటికీ జవాబు చెప్పింది. బావ ఆమెకు ఒక్కదానికే ఇచ్చిన దాన్ని, ఇన్నేళ్లు ఎవరి కంటా పడకుండా ఉన్న దాన్ని, నా పరువు కోసం తన నోటితోనే మార్కెట్‌కు ఇచ్చేసింది. ఆ మాట నేను అనాలి. నేను చేశాను అని అందరిముందూ నేను అనాలి.  వడ్డించడానికి విస్తర్లు తెచ్చే పని పెట్టుకుని ఆ గదిలోంచి తప్పించుకున్నాను.

అందరూ తిని వెళ్లేసరికి మధ్యాహ్నం వాలిపోయింది. ఇంటి వెనక నల్లా దగ్గర అక్క ఆ చీర మార్చేసి పాత చీరతో గిన్నెలు తోముతోంది. నేను ఎదురుగా కూర్చుని బూడిద అందుకున్నాను. కాసేపు ఇద్దరం తోమాం. ఇక ఉండబట్టలేక, "అక్కా, నీకొక మాట చెప్పాలె. గా శనివారం నేను..." అని మొదలుపెట్టాను.

"చెప్పకు," అంది.

చేతిలో గిన్నె ఆపకుండానే అంది. నేను మళ్లీ నోరు తెరిస్తే ఈసారి గిన్నె కింద పెట్టింది.

"నువ్వు జెప్తే నేను ఇనాలె. ఇన్నంక నీతోని మాట్లాడుడు బంద్ జెయ్యాలె. మీ బావ గిట్ల పాయె. గీ ఊళ్లె నాకింకెవలున్నరు?"

నేను మళ్లీ బూడిద అందుకున్నాను. ఇద్దరం కలిసి మిగిలిన గిన్నెలు తోమి, కడిగి, బోర్లించాం.